నాడెలో ఆకుపచ్చ లైటు

మొన్న బళ్ళు తెరిచిన వారంలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. దేవరకొండ దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరుగా కొత్తగా చేరిందట. బడి స్టోర్ రూములో ఒక టెలిస్కోపు మూలన పడి ఉందట. దాని దుమ్ము దులిపి పిల్లలకు ఆకాశం చూపించాలని ఆమె ఆశ. నేను ఆ పని చాలా ఏళ్ళు చేశానని ఎవరో చెప్పారట. "మేడం, చుక్కకు గురి పెట్టడానికి గ్రీన్ లేజర్ వాడతారు కదా, ఏది కొనమంటారు?" అని అడిగింది.

ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ "రాసి పంపుతానమ్మా" అన్నాను. ఆ రాతే ఇది. అడిగినదానికంటే చాలా ఎక్కువ రాశాను. రిటైరైన టీచరును కదిలిస్తే ఇంతే, గంట కొట్టేదాకా వదలదు.

నా నౌకరీ అంతా పాత నల్గొండ జిల్లాలోనే గడిచింది. దేవరకొండ వైపు ఒక బడి, హాలియా దగ్గర కాలువ కింద ఒక బడి, చివరి పదేళ్ళూ ఆలేరుకు దగ్గరలో మగ్గాలు ఆడే ఒక ఊరు. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి ఇందులో రాయను. అవి అందరివీ ఒకేలా ఉంటాయి. టెలిస్కోపు ముట్టుకోబోయే మనిషికి చెప్పాల్సింది ఒకటుంది. అది చెప్పాలంటే నర్సింహ గురించి చెప్పాలి, నేను చేసిన తప్పు గురించి చెప్పాలి.

వేలు చూపిస్తే ఎవరి చుక్క వారిది

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆ మగ్గాల ఊరి బడి పాత విద్యార్థులు కలిసి ఒక టెలిస్కోపు కొనిచ్చారు. మూడడుగుల గొట్టం, అడుగున అరచేయంత అద్దం. ప్యాకింగు విప్పిన రోజు నేనూ పిల్లలతో సమానంగా ఎగిరాను. వారం తిరిగేసరికి నీరసపడిపోయాను. గొట్టంలోంచి కనిపించే ఆకాశం చారెడు. అంత పెద్ద ఆకాశంలో ఆ చారెడు ఎక్కడుందో తెలియదు. గొట్టం పక్కన ఫైండర్ అని ఒక చిన్న దుర్బీను బిగించి ఉంటుంది, ముందు దాంట్లో చుక్కను పట్టుకుని తర్వాత పెద్ద గొట్టంలో చూడాలి. ఆ ఫైండర్లో అంతా తలకిందులుగా కనపడుతుంది. నడినెత్తిన ఉన్న చుక్కను పట్టాలంటే మోకాళ్ళ మీద కూచుని మెడ వెనక్కి విరవాలి. చీర కట్టుకుని ఆ విన్యాసం చేసి చూడండి, తెలుస్తుంది.

దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటి. ముప్పై మంది పిల్లలకు "అదిగో పిల్లలకోడి, కృత్తికలు" అని వేలు చూపిస్తే, ఎవరు నిలబడ్డ చోటి నుంచి వాళ్ళకు నా వేలు వేరే చుక్క మీద ఆనుతుంది. అందరూ "కనిపించింది మేడం" అంటారు. ముప్పై మంది ముప్పై చుక్కలు చూసి ఇంటికి పోతారు. టీచరు సంతోషంగా ఉంటుంది. మన చదువులో సగం ఇట్లాగే నడుస్తుంది, అది వేరే మాట.

హైదరాబాదులో కోఠీ పేవ్‌మెంటు మీద మొదటిసారి గ్రీన్ లేజర్ చూశాను. పెన్నంత గొట్టం, మధ్యలో బొత్తాం. నొక్కితే సన్నని ఆకుపచ్చ గీత ఆకాశంలోకి దారంలా లేచి, చుక్కను తాకినట్టే కనపడుతుంది. పిల్లలు నా చుట్టూ దగ్గరగా నిలబడితే అందరికీ ఒకే చుక్క. దాన్ని ఫైండర్ జాగాలో టెలిస్కోపుకు కట్టేస్తే, గొట్టం ఎటు చూస్తే గీతా అటే పోతుంది. గీత కొసన చుక్క వచ్చేదాకా గొట్టం తిప్పడమే, మెడ విరిచే పని లేదు. అంత సుఖం. ఆ సుఖమే నన్ను కొంత ముంచింది.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. లేజరుతో చుక్కలు దొరుకుతాయి, ఆకాశం దొరకదు. లేజరుతో మొదలుపెట్టిన టీచర్లలో నాకు తెలిసి సగం మందికి ఏ నెలలో ఏ చుక్క ఎటు పొడుస్తుందో రాదు. ముందు ఒక ఏడాది మెడ విరిచి వెతకండి. మెడ నొప్పితో వచ్చిన చదువు పోదు.

మంచె డ్యూటీ

మా సెషన్లు పొద్దుగూకినాక మొదలై ఏడున్నరకల్లా ముగిసేవి. ఆడపిల్లలు ఇళ్ళకు పోవాలి, ఇంకో పావుగంట ఆగితే ఎవరో ఒకరి నాయిన చేతిలో టార్చి పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఆ టార్చి చీకటికి అలవాటుపడ్డ మా అందరి చూపునూ చెడగొట్టేది.

రెండో నెలలోనే మొదటి గుణపాఠం. శుక్రుణ్ణి చూపించి, పైకి జరుపుతూ బొత్తాం నొక్కి పట్టుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్ల లావణ్య నా మోచేయి పట్టుకుంది.

"మేడం, ఆపుండ్రి. గా చుక్క నడుస్తాంది."

నేను ఉపగ్రహం అనుకున్నాను. బొటనవేలు తీసి చూస్తే, రెండు నిమిషాల్లో అది ఎర్ర లైటు, తెల్ల లైటు కొడుతూ శంషాబాద్ వైపు దిగిపోయింది. విమానం. నా గీతకు దానికి బెత్తెడే తేడా. విమానం నడిపే మనిషి కంట్లో ఆ వెలుతురు పడితే ఏమవుతుందో నాకు తెలుసు, అది నేరమని కూడా తెలుసు. తెలిసి కూడా ఆకాశం నాదే అన్నట్టు నిలబడ్డాను.

మర్నాటి నుంచి మంచె డ్యూటీ పెట్టాను. జొన్న చేలో పిట్టల్ని కాసేవాళ్ళు మంచె మీద కూచున్నట్టు, ఒక విద్యార్థి వరండా మెట్ల మీద నిలబడి నాలుగు దిక్కులా చూసి, చెవులు పెట్టి వినాలి. వాడు "సాఫ్" అంటేనే నేను బొత్తాం నొక్కాలి. "ఆగు" అంటే నేనైనా ఆగాలి. టీచరుకు ఆగమని చెప్పే డ్యూటీ కాబట్టి పిల్లలు దానికోసం కొట్టుకునేవాళ్ళు. పక్క ఊరి నుంచి ఒకాయన పల్లి చేను కావలి కాస్తూ ఆ గీత చూసి, పొద్దున్నే బడికి వచ్చాడు. "మేడం, గా పచ్చ లైటు అడవి పందులకు పనిచేస్తదా?" అని అడిగాడు. చెయ్యదు అంటే నమ్మలేదు. చుక్కలకు పనిచేసేది పందులకెందుకు చెయ్యదన్నది ఆయన వాదన.

ఇంత జాగ్రత్త పిల్లలకు నేర్పాను. అద్దం మీద వెయ్యొద్దు, స్టీలు బిందె మీద వెయ్యొద్దు, మనిషి మొహం వైపు తిప్పొద్దు అని మొదటి రోజే రాయించాను. వాళ్ళు కంఠతా పట్టారు కూడా. నేను చెప్పనిది ఒక్క మనిషికే.

నర్సింహ నాడె

లేజరు పెన్నుకు, టెలిస్కోపు మీద ఫైండర్ బిగించే కొయ్యకు లంకె కుదరలేదు. రబ్బరు బ్యాండ్లు కట్టాను, ఐస్‌క్రీమ్ పుల్లలు చెక్కాను. ఒకసారి గురి కుదిరిస్తే, గొట్టం అటు తిప్పి ఇటు తిప్పేసరికి గీత ఒక దిక్కు, గొట్టం ఒక దిక్కు. లావణ్య రెండు మూడుసార్లు చూసి, "మా బాపుకు చూపెడ్త మేడం. ఆయన చేస్తడు" అని లేజరు, కొయ్య రెండూ అడిగింది. నేనే తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

లావణ్య నాయిన నర్సింహ చీరలు నేసే మనిషి. ఊళ్ళో సగం మంది మగ్గాలు అటక ఎక్కించి టౌన్లలో వాచ్‌మెన్లుగా, షాపుల్లో గుమాస్తాలుగా పోయినా ఆయన మగ్గం దిగలేదు. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. లేజరును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, మగ్గం పక్కన డబ్బాలోంచి ఒక పాత నాడె తీశాడు. నాడె అంటే మగ్గం మీద పడుగు పోగుల మధ్య నుంచి అటూ ఇటూ ఉరికే కొయ్య, పడవ ఆకారంలో ఉంటుంది. దాని నడుమ తొలిచిన గుంటలో నూలు చుట్టిన కండె కూచుంటుంది. నర్సింహ ఆ గుంటలో లేజరు పెట్టాడు. కండె కూచున్నట్టే కూచుంది.

"కొలత వెట్టి చేసినట్టున్నది గదా మేడం" అన్నాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

"ముందు కొస మూసుకుపోయి ఉంది కదన్నా, లైటు ఎట్ల బయటకు వస్తది?"

ఆయన బొటనవేలితో నాడె కొస తడిమాడు. "కోస్త" అన్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య సత్తెమ్మ విని బయటికి వచ్చింది. "నాడె కోస్తవా? మామ చేతిదది" అంది.

"నాయిన ఉంటె ఆయనే కోసేటోడు" అన్నాడు నర్సింహ.

నేను ఆయనకు ఏం చెప్పాలో అంతా చెప్పాననుకున్నాను. గొట్టం ఎటు చూస్తే గీత అటు పోవాలి, అటూ ఇటూ సవరించేందుకు సన్నటి చీలలు ఉండాలి, గురి కుదిర్చే పని మాత్రం పొద్దుగూకినాక ఇద్దరం కలిసి బడిలో చేద్దాం అన్నాను. కంటి మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పిల్లలైతే పొరపాటు చేస్తారని చెప్పాను. ఆయన పనిమంతుడు. జుట్టు మందం పోగు తెగితే చీకటి గదిలో వెతికి అతికే మనిషి. ఆయనకు కన్ను జాగ్రత్త అని నేను చెప్పడమేమిటని మొహమాటపడ్డాను. గౌరవం అనుకుని చేసిన నిర్లక్ష్యం అది.

నాలుగో రోజు లావణ్య బట్టలో చుట్టిన నాడె తెచ్చింది. ముందు కొస నున్నగా కోసి, లోపల లేజరు, దాని చుట్టూ నాలుగు వెదురు చీలలు, టెలిస్కోపు కొయ్య మీద కూచునేలా అడుగున గాడి. పైన లక్క పూసి మెరిపించాడు. ఆ సాయంత్రం బిగించి చూస్తే గీత పోయి చుక్క మీద నిలబడింది, పక్కకు జరగలేదు. ఆ నెలంతా మా బడి ఆకాశం నాకు కొట్టినపిండి అయింది. ఒక గంటలో ఆరేడు చూపించేదాన్ని. చలికాలంలో లేజరు వెలుగు తగ్గిపోతుంది. అందుకని నాడె మొత్తం శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూచునేదాన్ని, పసిబిడ్డను పెట్టుకున్నట్టు.

ఎడమ కన్ను

తల్లిదండ్రులను కూడా పిలిచి ఒక సాయంత్రం సెషన్ పెట్టాం. నర్సింహ తెల్లంగి వేసుకుని వచ్చాడు. నాడె ఆయన చేసిందని అందరికీ చెప్పి, శనిని ముందు ఆయనకే చూపించాను. ఆయన గొట్టం దగ్గరికి వచ్చి వంగి, కుడి కన్ను ఆనించబోయి ఆగాడు. తల తిప్పి ఎడమ కన్ను పెట్టాడు.

ఇది చిన్న సంగతే. వేరెవరైనా అయితే నేను పట్టించుకోను. కానీ నాడె చేసే రోజుల్లో ఆయన పని చూశాను. కొయ్య వంకర చూడాలన్నా, పోగు చూడాలన్నా ఎడమ కన్ను మూసి కుడి కంటితోనే చూసేవాడు. కుడి చేతి వాటం ఉన్నట్టు ఆయనది కుడి కంటి వాటం.

"ఉంగరం కనపడ్డదా అన్నా?"

"ఆ. మంచిగున్నది" అని పక్కకు జరిగాడు. నా మొహం వంక చూడలేదు.

మర్నాడు బడి వదలగానే వాళ్ళింటికి వెళ్ళాను. నర్సింహ బజారుకు పోయాడు. సత్తెమ్మ ఆసు చట్రం మీద నూలు పోస్తోంది. కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది. అన్న కంటికి ఏమైందని అడిగితే చెయ్యి ఆపింది.

"నన్ను చెప్పొద్దన్నడు మేడం. నెలాయె. పోగు తెగితె నన్నే పిలుస్తుండు అతకనీకె. సూటిగ చూస్తె నడుమల మచ్చ ఉన్నదంటడు. ఉంగరమంత మచ్చ."

నర్సింహ వచ్చేదాకా కూచున్నాను. ఆయన సంచీ దించి, నన్ను చూసి, భార్యను చూసి, దాచడం కుదరదని తెలుసుకుని అరుగు మీద కూచున్నాడు. జరిగింది ఇది. నాడె పని అయిపోయాక, సాయంత్రం దాకా ఆగలేక మిట్టమధ్యాహ్నం వాకిట్లో పరీక్ష చేద్దామనుకున్నాడు. చీలలు సవరించడానికి రెండు చేతులూ కావాలి. అందుకని బొత్తాం నొక్కి దాని మీద దారం బిగించి కట్టాడు. ఎండలో లేజరు గీత గాలిలో కనపడదు. ఎదురుగా దూరంగా చూశాడు, ఏమీ లేదు. బ్యాటరీ అయిపోయిందనుకున్నాడు. సరే, లేజరు గొట్టమన్నా నాడెలో సీదాగా కూచుందా లేదా చూద్దామని, నేతగాళ్ళు నాడె వంకర చూసేటప్పుడు ఏం చేస్తారో అదే చేశాడు. నాడె ఎత్తి, కొస కంటికి ఆనించి చూశాడు.

"రెప్ప కొట్టినంత సేపే మేడం. తెల్లగ అయిపోయింది. తర్వాత పచ్చగ. గంట సేపు గోడ మీద గూడ పచ్చ చుక్కనే."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తె దుర్బీను ఎత్తిపెడతరు. పిల్ల గీ బడిల ఇంత సంబురంగ ఉన్నది ఇప్పుడే. గీ మచ్చ పోతదిలె అనుకున్న."

మా తాతల నాటి నుంచి ఎవరూ చెయ్యలేని తప్పు అది. లేజరు తెలిసినవాడు దాన్ని కంటికి ఆనించడు. నాడె తెలిసినవాడు ఆనించకుండా ఉండలేడు. ఆ రెంటినీ కలిపి ఆయన చేతికిచ్చింది నేను.

ఆ వారంలోనే ఆయన్ని హైదరాబాదు కంటి దవాఖానకు తీసుకుపోయాను. చిన్న వయసు డాక్టరమ్మ చుక్కల మందు వేసి, కంటి లోపలి ఫోటో తీసి, తెర మీద చూపించింది. నడిమధ్యలో, మనం సూటిగా చూసే జాగాలో, ఆవగింజంత మచ్చ. దీనికి మందు లేదని, కొన్ని నెలల్లో కొంత తగ్గొచ్చని, మిగిలింది మిగిలిపోతుందని చెప్పింది. ఆ లేజరు మీద రాసిన బలం ఎంతో అడిగింది. చెప్పాను. "మీద రాసింది నమ్మకండి. వీటిలో చాలావాటికి రాసినదానికి ఎన్నో రెట్లు ఉంటుంది" అంది.

దారిలో బస్సులో ఆయన కిటికీ పక్కన కూచుని బయటికి చూస్తూ ఉన్నాడు. ఆలేరు వచ్చేదాకా ఒక్క మాటే అన్నాడు. "చిటికీలు కట్టేది కష్టమైతది. సాదా నేత ఏం ఫికర్ లేదు." చిటికీలంటే రంగు అంటకుండా నూలుకు వేసే ముళ్ళు. చీర మీది బొమ్మంతా ఆ ముళ్ళలోనే ఉంటుంది. ఊళ్ళో ఆయనకు పేరు వచ్చింది దానివల్లనే.

భయం కుదరాలి

ఈ సంగతి హెడ్ మేడంకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను మంచిదాన్ని కాదు. జరిగింది బడిలో కాదు కదా, నేను పొద్దుగూకినాక చేద్దామనే చెప్పాను కదా, ఆయనే చెప్పొద్దంటున్నాడు కదా అని నాకు నేనే వకీలునయ్యాను. కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. తప్పు చేసిన గంట కన్నా, దాన్ని ఎట్లా చెప్పకుండా ఉండొచ్చో అని ఆలోచించిన గంటలే తర్వాత ఎక్కువ బాధపెడతాయి.

మా హెడ్ మేడంది రూళ్ళకర్ర మనస్తత్వం. చాక్‌పీసు ముక్క కూడా లెక్క పెట్టే మనిషి. నేను వెనక ఆమె గురించి చాలా వెటకారాలు ఆడాను. ఆ రోజు నేను చెప్పిందంతా విని, తిట్టలేదు. లేచి స్టోర్ రూముకు నడిచింది. టెలిస్కోపును, నాడెను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇగ బంద్ చేద్దామా మేడం?" అన్నాను. నిజానికి నాకు బంద్ చెయ్యాలనే ఉంది. దాన్ని ముట్టుకోవాలంటేనే చేతులు రావడం లేదు.

"బంద్ ఎందుకు? తీద్దాం. నీకు భయం పోయినంక గాదు, భయం కుదిరినంక" అంది.

ఎన్నో ట్రైనింగులకు పోయాను, ఎందరో పెద్దవాళ్ళ ఉపన్యాసాలు విన్నాను. నా నౌకరీలో ఎవరైనా నాకు చెప్పిన మాటల్లో పనికొచ్చింది ఇదొక్కటే అంటే అబద్ధం కాదు. భయం లేని టీచరు ప్రమాదం. భయం ఎక్కువైన టీచరు పిల్లలకు ఏమీ చూపించదు, బీరువాలు తాళం వేసి ఉంచుతుంది. రెండు రకాలూ మన బళ్ళలో నిండుగా ఉన్నారు.

"నన్ను జూపి చెప్పుండ్రి"

నర్సింహ నా దగ్గర ఏమీ తీసుకోలేదు. దవాఖానకు తీసుకుపోవడమే ఎక్కువన్నాడు. మచ్చ కొంత తగ్గింది, కొంత నిలిచిపోయింది. చిటికీల పని సత్తెమ్మ చేతికి పోయింది. ఆయన సాదా నేతకు వచ్చాడు. పోగు తెగినప్పుడు "సత్తీ" అని ఆయన పిలిచే పిలుపు నేను వాళ్ళ వాకిట్లో కూచున్నప్పుడల్లా విన్నాను.  ఇప్పటికీ మనిషి పక్కన లేకపోయినా ఆ పిలుపు వినపడుతుంది.

ఒకరోజు ఉండబట్టలేక, "అన్నా, నేనేమన్నా చెయ్యాలె. ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నాను.

మగ్గం ఆపాడు. "ఏమన్న చెయ్యాలనుంటె, గా బీరువ తాళం తీయుండ్రి. తీసి, మొదటి దినం పిల్లలకు నన్ను జూపి చెప్పుండ్రి. మీరు బోర్డు మీద రాస్తె యాదికుంటదో లేదో. నన్ను జూస్తె ఉంటది."

మర్నాడే హెడ్ మేడంతో చెప్పాను. ఆమె తాళంచెవి నా చేతికి ఇవ్వకుండా తానే వచ్చి బీరువా తీసింది. అట్లా ప్రతి ఏటా చలికాలం మొదటి సెషన్‌కు నర్సింహ వచ్చేవాడు. వరండాలో కుర్చీ వేస్తే కూచోడు, మెట్ల మీద కూచునేవాడు. పిల్లలతో ఎక్కువ మాట్లాడడు. నాడె చేతిలో పట్టుకుని, కోసిన కొసకు తానే కట్టిన ఎర్ర దారం చూపించేవాడు. "గీ ఎర్ర దారం దిక్కు మొఖం వెట్టొద్దు బిడ్డా. నేను వెట్టిన. గిప్పుడు ఈ కంటితోని మీ మేడం మొఖం సూటిగ చూస్తె ఆమె ముక్కు కనపడది నాకు. పక్కకు చూస్తె కనపడ్తది." పిల్లలు మొదట నవ్వేవాళ్ళు, తర్వాత నవ్వు ఆగిపోయేది. బొత్తాం మీద దారం కట్టే వీలు లేకుండా ఒక చిన్న రేకు మూత కూడా ఆయనే చేశాడు. వేలు తీస్తే లైటు ఆరిపోవాల్సిందే. ఆ తర్వాత నేనున్నన్ని రోజులూ ఒక్క పొరపాటు జరగలేదు. కానీ ఆ ఏళ్ళన్నిటిలో ఆయన టెలిస్కోపులో చూసింది ఎడమ కంటితోనే. శని అయినా, చంద్రుడైనా, వచ్చి తల తిప్పి ఎడమ కన్ను పెట్టేవాడు. నేను చూడనట్టు పిల్లల వరస సరిచేసేదాన్ని.

వృషభం కొమ్ము కొసన

నా రిటైర్మెంటు జనవరి చివర్లో పడింది. శాలువాలు, పూలదండలు, ఉపన్యాసాలు పగలు అయిపోయాయి. సాయంత్రం ఒక సెషన్ పెట్టుకుంటానని ముందే అడిగి ఉంచాను. అమావాస్య దగ్గర రోజులు, ఆకాశం కడిగినట్టుంది. పిల్లలు, కొందరు పాత పిల్లలు వచ్చారు. భువనగిరిలో డిగ్రీ చదువుతున్న లావణ్య వచ్చి, అడక్కుండానే మంచె డ్యూటీకి మెట్ల మీద నిలబడింది. నర్సింహ ఆమె పక్కన కూచున్నాడు.

నేను చాలా ఏళ్ళుగా దాటవేస్తూ వచ్చినదాన్ని ఆ రోజు చూపించాలనుకున్నాను. వృషభం కొమ్ము కొసన పీత నీహారిక అని ఒకటుంది. ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం పొగ. మా అద్దానికి అది అందీ అందనట్టు ఉంటుంది. లావణ్య "సాఫ్" అంది. గీత లేచి కొమ్ము కొసకు పోయింది. వేలు తీశాను. గొట్టంలో నేను చూశాను, లీలగా ఉంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి, "ఏం లేదు మేడం" అని పోతున్నారు. పదిమందిలో ఒక్కడికి కూడా కనపడలేదు. ఎంత సన్నని వెలుతురైతే కంటి నడిమధ్య అంత చేతకానిది, సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూడాలి. ఈ మాట ఎన్నేళ్ళు చెప్పానో లెక్క లేదు. కానీ చెబితే వచ్చేది కాదు. మనిషి కన్ను మొండిది, చూడాలనుకున్నదాని మీదికే సూటిగా పోతుంది.

"నర్సింహన్నా, నువ్వు రా" అన్నాను. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు.

ఆయన మెట్లు దిగి వచ్చాడు. వంగాడు. అలవాటుగా తల ఎడమకు తిప్పబోయి, ఆగాడు.  తర్వాత కుడి కన్ను పెట్టాడు.

 వరసలో పిల్లలు తోసుకుంటుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉన్నది" అన్నాడు ఆయన, గొట్టంలోంచి కన్ను తీయకుండా. "దూది పింజ తీరు ఉన్నది. జర పొడుగ్గ. ఈ దిక్కు సన్నగ అయింది."

ఆకారం కూడా సరిగ్గా చెప్పాడు. నాకే అంత స్పష్టంగా కనపడలేదు.

ఇది రాస్తున్నప్పుడు నాకు తెలుసు, చదివేవాళ్ళు చూశారా, మచ్చ కూడా పనికొచ్చింది అనుకుంటారు. అనుకోకండి. ఒక మనిషి చేతిలోని పనిని తీసేసుకుని ఆకాశంలో పొగ చూపించడం న్యాయం కాదు. ఆయన కోల్పోయింది చిటికీలు. అది ఏ నీహారికతోనూ తీరదు. నేను చెప్పేది ఇంతే, ఆ రోజు ఆయన కుడి కన్ను పెట్టాడు.

నర్సింహ లేచి, వెనక నిలబడ్డ పిల్ల భుజం పట్టుకుని ముందుకు తెచ్చాడు. "సీదా జూడకు బిడ్డా. దాని పక్కన ఖాళీ జాగ ఉన్నది గద, ఆడ జూడు. అదే వస్తది." ఆ పిల్ల కాసేపు నిలబడి, "ఆ" అంది. తర్వాతి పిల్లకూ చెప్పాడు. దాని తర్వాతి పిల్లకూ. ముప్పై మందికీ ఒక్కొక్కరికీ చెప్పి, కనపడేదాకా పక్కన నిలబడ్డాడు.

అమ్మా, నువ్వు అడిగిన లేజరు సంగతి. తక్కువ బలంది, బొత్తాం వదిలితే ఆరిపోయేది కొను. మీద రాసింది నమ్మకు. కొన్న రోజే, దాన్ని ముట్టుకునే ప్రతి మనిషికీ చెప్పు, పిల్లలకు ఒకసారి, నీకంటే ఎక్కువ పని తెలిసినవాళ్ళకు రెండుసార్లు. నాడె ఇంకా ఆ బడిలోనే ఉంది, ఎర్ర దారం ఏటా కొత్తది కడుతున్నారట.

ఆ సాయంత్రం చివరికి నా వంతు వచ్చింది. "మేడం, మీరు గూడ ఇంకోసారి జూడుండ్రి" అని నర్సింహ పక్కకు జరిగాడు. వంగి కన్ను పెట్టాను. సూటిగా చూశాను, పక్కకు చూశాను, ఎటు చూసినా ఏమీ కనపడలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగాల్సి వచ్చింది.